లాలాగూడ గేటు దగ్గర దొరికిన పాఠం

మొన్న కాలేజీలో పాఠాలు చెప్పే మా మనవరాలు సెమిస్టర్ పరీక్షల కాగితాల కట్ట ముందేసుకుని, "అమ్మమ్మా, నేను గిట్ల పరేషాన్‌ల ఉంటే మా ఆయన కవి దోస్తులు వస్తున్నరంట, వాళ్లకు హోటల్ల రూం తీస్తున్న" అంది. ఆ మాట వినగానే నా మనసు లాలాగూడలో మేము అద్దెకున్న రెండు గదుల ఇంటికి పోయింది.

పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు, అంతదాకా ఉర్దూలో నడిచిన మా వాడ బడిలో చిన్నపిల్లలకు తెలుగులో చెప్పాలన్నారు. నాలుగో తరగతితో చదువు ఆగిపోయినదాన్నే అయినా, నా చేతిరాత చూసి పెద్ద పంతులమ్మ నాకు ఒకటో తరగతి అప్పగించారు. నెలలోగా ఇన్‌స్పెక్టరు వస్తారనీ, పిల్లలు చదివి వినిపిస్తే నా కొలువు ఖాయమనీ, లేకుంటే ట్రైనింగ్ అయిన మనిషిని తెస్తారనీ చెప్పారు. పుస్తకాలు ఇంకా రాలేదు, గోడకు తగిలించే పాఠాలు నేనే తయారుచేసుకోవాలి.

సరిగ్గా అప్పుడే, రైల్వే వర్క్‌షాపు ఆఫీసులో గుమాస్తా అయిన మా ఇంటాయన కోస్తా నుంచి ఇద్దరు కవులను సభకు పిలిచి మా ఇంట్లో దింపారు. మూడు రోజులన్నవారు పది రోజులైనా కదల్లేదు. రేషన్ బియ్యం అయిపోయి జొన్నరొట్టెలు పెట్టాను. మేము చాయ్ తాగేవాళ్లం, వారికేమో కాఫీ కావాలి. ఇక లాభం లేదనుకుని ఒక ఉదయం పాత క్యాలెండర్లు వెనక్కి తిప్పి, సిరాకు బదులు బట్టల నీలిమందు కలిపిన గిన్నెతో సహా పెద్ద కవి ముందు పెట్టాను. "అన్నా, నా పిల్లలకు జెర పాఠాలు రాసియ్యుండ్రి. రాస్తేనే కాఫీ." చిన్న కవికి కూరగాయలు తరిగే పని ఇచ్చాను. మా ఇంటాయన ముఖం మాడిపోయింది.

పెద్దాయన నవ్వుతూనే రాశారు, అంతా హంసలు, తామరలు, వెన్నెల. మా పిల్లలు నోరు తెరుచుకుని చూశారే తప్ప ఒక్క ముక్కా వారికి ఎక్కలేదు. సాయంత్రం కాగితం వాపసిచ్చాను.

"గీ హంసను మా పోరలు ఎన్నడన్న చూసిన్రా అన్నా?"

"నా పద్యానికి వంక పెట్టినదానివి నువ్వొక్కదానివేనమ్మా!" అని ఆయన సంచీ సర్దుకున్నారు. మా ఇంటాయన బతిమాలారు, నేను బతిమాలలేదు. ఇన్‌స్పెక్టరు రావడానికి నాలుగు రోజులే ఉన్నాయి. "రాత్రి బండికి పోదురు గానీ, సైరన్ టైముకు వర్క్‌షాపు గేటు దాకా రాండ్రి" అన్నాను.

కోపంతోనే వచ్చారు. సైరన్ మోగింది, మసి చేతులతో వందల మంది బయటికొచ్చారు, నా తరగతి పిల్లలు పరుగెత్తి తండ్రుల టిఫిన్ డబ్బాలు లాక్కుని, మిగిలిన రొట్టె ముక్క ఉందేమోనని మూతలు తీస్తున్నారు. ఆయన ఒక పిల్లవాడి పక్కన వంగి డబ్బాలోకి చూశారు. రాత్రి బండి ఎక్కలేదు. తెల్లవారేసరికి సైరన్, మసి చేయి, డబ్బాలో దాచిన రొట్టె, అన్నీ కలిపి క్యాలెండర్ల వెనక రాసిన ఆరు వరుసలు నేల మీద ఆరుతున్నాయి.

ఇన్‌స్పెక్టరు ముందు ఒక ఫిట్టరు కూతురు కర్రతో చూపిస్తూ ఆ ఆరు వరుసలూ ఆగకుండా చదివింది. నా కొలువు నిలిచింది, ముప్పై ఏళ్లు చేశాను.

ఇప్పటి పుస్తకాలు రంగురంగుల బొమ్మలతో నున్నగా ఉంటున్నాయి, కాదనను. కానీ ఆ పాఠాలు ఎవరు, ఎక్కడ కూర్చుని రాస్తారో తెలియదు. వారి ఎదుటికి పోయి, ఇది మా పిల్లలకు పనికిరాదు, మళ్లీ రాయండని చెప్పే వీలు ఏ పంతులమ్మకూ లేదు.