స్టర్జన్ చేప, మా అత్తగారు

ఇవాళ కాలేజీలో స్టర్జన్ అనే చేప గురించి పాఠం చెప్పాను. ఆ చేపలో పుట్టే పిల్ల ఆడో మగో తల్లి గుడ్డే తేలుస్తుంది. మనుషుల్లో అది తండ్రి వల్ల తేలుతుంది. సాయంత్రం కుదుదండ్ పేటలో మా ఇంట్లో అత్తగారూ నేనూ బఠాణీలు వలుస్తుండగా ఈ మాటే ఆవిడకి చెప్పాను. నాకిద్దరూ ఆడపిల్లలేనని పన్నెండేళ్లుగా దెప్పుతున్న మనిషి ఆవిడ.

"అచ్ఛా! అయితే మనకి తండ్రి వల్లేనేటి?"

"అవునత్తా."

ఆవిడ చేతులు ఆగిపోయాయి. "వరసగా నలుగురు ఆడపిల్లలు పుడితే మీ మావ డ్యూటీ నుంచొచ్చి నన్నే కొట్టీవోడు. ఆయన పోయాక సెప్తావేటే?"

నాకు గెలిచానన్న సంతోషం కలగలేదు, జాలీ కలగలేదు. బఠాణీలు వలుస్తూనే ఉన్నాను. ఊరందరి పిల్లలకీ చెప్పే ముక్క ఇంట్లో చెప్పడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. మీ ఇళ్లలో ఎవరైనా తొందరగా చెప్పారా?