కొంగలకు నేను పెట్టిన పేరు

నా నోరు ఊరుకోదు. ఇరవై ఏళ్లుగా బడిలో జీవశాస్త్రం చెబుతున్నదాన్ని, ఎవరైనా తప్పు మాట అంటే దిద్దకుండా ఉండలేను. బస్సులో దిద్దాను, కూరగాయల బండి దగ్గర దిద్దాను, ఒకసారి చావింట్లో కూడా దిద్దాను. నోరా వీపుకు దెబ్బలు తేకే అంటారు. నా నోరు తెచ్చిన దెబ్బ నా వీపు మీద పడలేదు, అదే బాధ. ఒక చింతచెట్టు మీద పడింది. ఆ సంగతి బయటికి చెప్పుకుంటే తప్ప నాకు ఒకచోట కుదురుగా కూర్చోబుద్ధి కావడం లేదు.

పెనుబల్లి దాటి అడవి వైపు వెళ్తే మా బడి ఉన్న ఊరు వస్తుంది. ఊళ్లో పెద్ద చింతచెట్లు నాలుగైదున్నాయి. చలి ముదిరే వేళకు పెద్ద పెద్ద కొంగలు వచ్చి వాటి మీద గూళ్లు కట్టుకుంటాయి. పసుపు ముక్కు, ఎర్రటి కాళ్లు, తోక దగ్గర గులాబీ రంగు ఈకలు. ఎండలు మండేసరికి పిల్లలతో సహా ఎగిరిపోతాయి. బదిలీ మీద ఆ ఊరికి వచ్చిన ఏడు వాటిని మొదటిసారి చూసి నడిరోడ్డు మీద స్కూటీ ఆపేశాను.

అన్నిటికన్నా ఎక్కువ గూళ్లు ఒక అవ్వ వాకిట్లో ఉన్న చెట్టు మీద. ఆమెకు డెబ్బై దాటి ఉంటాయి. పొద్దున లేస్తే రెట్టలు ఊడ్చి బూడిద చల్లడమే పని. గూళ్లున్న కొమ్మల మీద చింతపండు కూడా దులపనిచ్చేది కాదు.

"వాసన భరించలేకపోతున్నాను అవ్వా, నువ్వెట్లా ఉంటున్నావు?" అని అడిగాను.

"బాలింత ఉన్న ఇంట్ల వాసన రాదా బిడ్డా? పురిటికి పుట్టింటికొచ్చిండ్రు. పోయేదాక మనమే ఓర్సుకోవాలె" అంది.

అక్కడ ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? "ఇవి మన దగ్గరివి కావు అవ్వా. సైబీరియా నుంచి వస్తాయి. విదేశీ పక్షులు" అన్నాను. తల్లి పుట్టిల్లు మేనమామ దగ్గర పొగిడినట్టు, చిన్నప్పటి నుంచి ఆ చెట్టు కిందే బతికిన మనిషికి ఆ చెట్టు మీది కొంగల గురించి పాఠం చెప్పాను. ఆమె నోటి మీద చెయ్యేసుకుని, "గంత దూరం నుంచా" అని పైకి చూసింది. నాకు భలే సంతోషమైంది.

ఆ తర్వాత పనిలో దిగాం. నేను, మా ఊరి లైన్‌మన్, వీలైనప్పుడల్లా కలిసే మరికొందరు. కొంగలు తగిలి చనిపోతున్నాయని లైన్‌మన్ చెట్ల పక్కన కరెంటు తీగలకు గొట్టాలు తొడిగాడు. గూట్లోంచి జారిన పిల్లలు నేలకు కొట్టుకోకుండా కొమ్మల కింద పాత చేపల వలలు కట్టాం. ఊరి మొదట్లో నేను ఒక రేకు బోర్డు రాయించి పెట్టాను: విదేశీ అతిథులకు స్వాగతం, కాపాడుకుందాం. పొరుగింటి పుల్లకూర రుచి కదా, ఆ ఒక్క మాటకు ఊరు మారిపోయింది. పిట్టల మీదికి రాళ్లు విసిరే గులేర్లు మాయమయ్యాయి. సత్తుపల్లి నుంచి జనం సెల్ఫీలకు వచ్చేవాళ్లు. అవ్వ కూడా పుట్టిల్లు మాట మానేసి, వచ్చినవాళ్లకు "పైదేశపు పిట్టలు" అని చూపించడం మొదలుపెట్టింది.

మరుసటి ఏడు అటవీ శాఖ ఆయన ఒకరు అటుగా పోతూ బోర్డు చదివి నవ్వాడు. "మేడం, గివి మనయే. ఎర్రకాళ్ల కొంగలు. చెరువుల నీళ్లు, చేపలు ఏడ ఉంటే ఆడ తిరుగుతయి గానీ దేశం దాటి పోవు" అన్నాడు. ఇంటికి వెళ్లి పుస్తకం తీసి చూశాను. ఆయన చెప్పిందే నిజం. లోకాన్నంతా దిద్దే నేను నా బోర్డును దిద్దలేదు.

"మార్పిద్దామా మేడం?" అని లైన్‌మన్ అడిగాడు.

"ఉండనీ తమ్ముడూ. ఆ మాటకే కదా జనం రాళ్లు వేయడం మానింది" అన్నాను. పైకి చెప్పిన కారణం అది. లోపలిది వేరు, ఊరంతటి ముందు తప్పు ఒప్పుకోవడం నాకు చేతకాలేదు. రెండేళ్లు ఆ బోర్డు పక్క నుంచే బడికి వెళ్లాను, దాని వైపు చూడకుండా.

అప్పుడు కోళ్లకు రోగం వచ్చింది. ఊరి చివర ఒక రైతుకు రెండు కోళ్ల షెడ్లున్నాయి. వాళ్ల తాతల కాలంలో కృష్ణా వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. షెడ్ల ముందు ఆయన చింతచెట్టు, దాని నిండా కొంగలు, గూళ్లలో కళ్లు తెరిచిన పిల్లలు. చుట్టుపక్కల ఫారాల్లో కోళ్లు చస్తున్నాయని తెలిసి పంచాయతీ ఆఫీసులో మీటింగు పెట్టారు. పశువుల డాక్టరు వచ్చి, కింద పడిన పక్షిని ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి వెళ్లాడు. అప్పుడు ఆ రైతు లేచాడు. నిద్ర లేక కళ్లు పీక్కుపోయి ఉన్నాయి, అయినా గొంతు పెంచలేదు.

"పైదేశాల నుంచి వచ్చే పక్షులే రోగం మోసుకొస్తాయని టీవీలో చెబుతున్నారండీ. నా చెట్టు మీద ఉన్నవి పైదేశపు పక్షులేనని బోర్డు పెట్టింది మీరే. నన్నేం చేయమంటారో మీరే చెప్పండి మేడం."

అందరూ నా వైపు తిరిగారు. లైన్‌మన్ కూడా చూశాడు. ఒక్క మాట చాలు. ఇవి మనవే, నేను తప్పు రాయించాను అంటే అయిపోయేది. దానికి బదులు, "విదేశీ పక్షులన్నిటికీ రోగం ఉండాలని లేదండీ" అన్నాను. ఆ మాటలో కూడా నా పరువునే కాపాడుకున్నాను.

తెల్లారి బడికి వెళ్తుంటే రంపం మిషన్ చప్పుడు వినిపించింది. నేను వెళ్లేసరికి చెట్టు నేల మీద ఉంది. మేం కట్టిన వల కొమ్మల కింద నలిగిపోయి ఉంది. తెల్లటి నూగుతో పిల్లలు, కొన్ని ఇంకా నోళ్లు తెరుస్తున్నాయి. ఆ రైతు చేతులకు కవర్లు తొడుక్కుని, మొహం పక్కకు తిప్పుకుని, వాటిని ఒక్కొక్కటే ఎత్తి గోతిలో వేస్తున్నాడు. ముట్టుకోకూడదు కాబట్టి నేను నిలబడి చూశాను. ఈ కొంగల్లో పిల్లలకే గొంతు ఉంటుంది, పెద్దవాటికి ఉండదు, ముక్కులు టకటకలాడిస్తాయి అంతే. చెట్టు లేని చోట అవి అట్లా టకటకలాడిస్తూ తిరుగుతూనే ఉన్నాయి. ఆ పూట పాఠం ఏం చెప్పానో నాకు గుర్తు లేదు.

మధ్యాహ్నం లైన్‌మన్ బడికి వచ్చాడు. "అవ్వ గూడ మిషినోల్లను పిలిచిందట మేడం. రేపు పొద్దుగాల్నే వస్తరట."

క్లాసు ఇంకొకరికి అప్పగించి పరుగెత్తాను. అవ్వ గడపలో కూర్చుని ఉంది, చీపురు పక్కన పడి ఉంది, వాకిలి ఊడ్చి లేదు.

"ఏం జెయ్యాలె బిడ్డా? ఇంట్ల మనుమరాలు కడుపుతోని ఉంది. పైదేశపు రోగమట" అంది.

"అవి పైదేశంవి కావు అవ్వా. నేను తప్పు చెప్పాను. నువ్వన్నదే నిజం, ఇక్కడివే."

"నీకెప్పుడు ఎరుకైంది?"

"రెండేళ్లయింది."

కాలు నిలవక నేను వాకిట్లో అటూ ఇటూ తిరిగాను. "తిట్టు అవ్వా" అన్నాను.

"తిడితే ఆ చెట్టు లేస్తదా?" అంది. తర్వాత అడిగింది, "రోగం రాదని రాసిస్తవా?"

"రాసివ్వలేను. ఏ పిట్టకైనా రావచ్చు, నీ గంప కింది కోడికీ రావచ్చు. కింద పడ్డవాటిని ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. చెట్లు కొట్టమని మాత్రం అనలేదు."

ఆమె పైకి చూసింది. "మనుమరాల్ని మా తమ్మునింటికి పంపుత. గీ పిల్లల్ని ఏడికి పంపాలె?" అని లేచి చీపురు అందుకుంది. "మిషినోల్లకు నేను చెప్పుకుంట. ఊరికి నువ్వు చెప్పు. గా బోర్డు కాడ నిలబడి చెప్పు. నేను చెప్తే ముసల్దాని మాటంటరు."

సాయంత్రం లైన్‌మన్ జనాన్ని పోగేశాడు. బోర్డు పక్కన నిలబడి చెప్పాను. ఇవి ఎర్రకాళ్ల కొంగలు, మన చెరువుల మీద బతికేవి, బోర్డు తప్పని తెలిసీ నేను దిద్దలేదు అని. ఎవరో నవ్వారు. గుంపు వెనక తువ్వాలు భుజాన వేసుకుని ఆ కోళ్ల రైతు నిలబడి ఉన్నాడు.

"మీకు రెండేళ్ల కిందటే తెలుసా అండీ?"

"తెలుసు."

"మరి నిన్న మీటింగులో ఎందుకు చెప్పలేదు?"

దారి పొడుగునా తయారు చేసుకున్న జవాబులు చాలా ఉన్నాయి. అవేవీ చెప్పకుండా "సిగ్గేసింది" అన్నాను.

ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. "సిగ్గేమో మీదండీ. గోతిలో వేసింది మాత్రం నేను" అని వెళ్లిపోయాడు.

ఆయన షెడ్లకు రోగం రాలేదు. అవ్వ చెట్టు మీది పిల్లలు ఎగిరిపోయాయి. రేకు బోర్డు మీద తెల్లరంగు కొట్టి, అవ్వ చెప్పినట్టే లైన్‌మన్ కొత్తగా రాశాడు: ఎర్రకాళ్ల కొంగలు, మన ఊరి ఆడపిల్లలు. అందరూ బాగుందన్నారు.

ఈ చలికాలం కూడా అవి వచ్చాయి. కొన్ని ముందుగా షెడ్ల దగ్గరి మోడు పైన చక్కర్లు కొట్టి, దిగడానికి కొమ్మ దొరక్క అవ్వ చెట్టు వైపు మళ్లుతాయి. అవి వచ్చిన పొద్దుల్లో ఆ రైతు షెడ్డు బయటికి వచ్చి తలెత్తి చూస్తుంటాడు. నేను స్కూటీ ఆపను. మా బడికి ఆ మోడు పక్క నుంచే వెళ్లాలి, ఇంకో దారి లేదు.