పింజమ్ మావయ్య

చనిపోవడానికి ముందు రోజు పొద్దున్న ఏడింటికి సుప్పయ్య మావయ్య మా గేటు దగ్గర నిలబడి, "పాపా, అట్లకాడ ఉంటే ఓపాలి ఇయ్యి లా. రెండు నిమిషాల్లో తెచ్చిచ్చేస్తాను," అన్నాడు.

"పెనం మీద అట్టు ఉంది మావయ్యా! దాన్నెలా తిప్పను?"

"సేత్తో తిప్పు. సిన్నపిల్లవి, ఏటీ కాదు," అని అట్లకాడ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

గొప్పవాళ్ళ ఆఖరి మాటలు పుస్తకాల్లో రాస్తుంటారు. మా మావయ్య నాతో అన్న ఆఖరి మాట ఇది. సేత్తో తిప్పు. తిప్పాను, చెయ్యి కాలింది. మర్నాడు మధ్యాహ్నం ఆయన భోజనం చేసి, వరండాలో కుర్చీలో పడుకుని, మరి లేవలేదు. డాక్టరు గుండె అన్నాడు. అప్పటికి నా అట్లకాడ పట్టుకెళ్ళి ముప్ఫై గంటలయింది. ఆయన లెక్కలో రెండు నిమిషాలింకా పూర్తి కాలేదు.

ఆయనకున్నది ఒకే ఒక్క అలవాటు. కనపడిన వస్తువునల్లా అడిగి పట్టుకెళ్ళడం. దాన్ని మలయ్‌లో పింజమ్ అంటారు; ఆయన మాటల చివర వచ్చే 'లా' కూడా ఇక్కడివాళ్ళ ఊతపదమే. మోరిబ్ సముద్రపు ఒడ్డున మా వీధిలో మలయ్‌లూ చైనావాళ్ళూ తమిళులూ, మాలాగా ఉద్యోగాల మీద వచ్చిన తెలుగువాళ్ళూ కలిసి ఏకగ్రీవంగా ఆయనకి పెట్టిన పేరు పింజమ్ మావయ్య. ఈ వీధి వేరే ఏ విషయంలోనూ ఏకగ్రీవం కాలేదు. నిచ్చెన, గొడుగు, సైకిల్ పంపు, ఇడ్లీ రేకులు, జ్వరం చూసుకునే గొట్టం, ఏదైనా సరే అడిగేసేవాడు. మా ఎదురింటి చైనా అవ్వ కట్టుడు పళ్ళు వేసుకునే గ్లాసు కూడా ఒకసారి అడిగి తెచ్చాడని చెప్పుకుంటారు. నేను చూడలేదు. నమ్ముతాను.

నేను ఆయన చేతికి చిక్కింది వచ్చిన ఆరో వారంలో.

మా ఆయన ఉదయ్‌కిరణ్‌కి బంటింగ్ దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం. పొద్దున్న ఏడింటికి బండెక్కితే మళ్ళీ ఏడింటికే రావడం, ఆదివారాలు కూడా. "సముద్రం పక్కనే ఇల్లు!" అని ఊరించి తీసుకొచ్చాడు. అబద్ధం కాదు, సముద్రం పక్కనే. కాకపోతే ఆ సముద్రం రోజుకి రెండుసార్లు వెనక్కి వెళ్ళిపోయి, కనుచూపుమేర బురద వదిలేది. ఊళ్ళో నాకు తెలిసినది అదొక్కటే, అదీ నన్ను వదిలేసి వెళ్ళిపోతుంటే ఏం చేస్తాను? ఆ బురదకి ఎదురుగా సిమెంటు బెంచీ మీద కూర్చుని, సామర్లకోటలో ఉన్న అక్కకి ఫోన్ చేసేదాన్ని. ఆ రోజు సాయంత్రం చెప్పేశాను.

"అక్కా, ఆదివారానికి టికెట్ తీసుకున్నాను. ఇంక రాను ఇక్కడికి. ఉదయ్‌కి చెప్పలేదు, ఉత్తరం రాసిపెట్టి వచ్చేస్తాను."

"మెల్లిగా మాట్లాడవే, ఎవరైనా వింటారు."

"ఇక్కడ తెలుగు ఎవడికొచ్చు! పక్క బెంచీ మీద ఒక ముసలాయన వేరుశెనక్కాయలు తింటున్నాడు. ముక్కు దాకా ఎర్రటోపీ, నున్నటి గుండ్రటి ఒళ్ళు, తెరిచిన నోరు మూయడు. అచ్చం పోస్టు డబ్బాయే అనుకో. ఉదయ్‌కి రాసే ఉత్తరం అందులో వేసి పోదామనిపిస్తోంది."

అక్క నవ్వింది. ఆరు వారాల తరవాత నేనూ నవ్వాను. పరాయి దేశంలో మనభాష మనకి పెద్ద ధైర్యం. నడివీధిలో నిలబడి ఎవర్ని ఏమైనా అనొచ్చు.

మర్నాడు గేటు చప్పుడైంది. చూస్తే లుంగీ కట్టుకున్న బట్టతల పెద్దాయన, చేతిలో అరటిపళ్ళు.

"పాపా, సక్రాలున్న పెద్ద పెట్టేటైనా ఉంటే ఇస్తావా? రెండు నిమిషాల్లో తెచ్చిచ్చేస్తాను."

తెలుగు! ఆరు వారాల తరవాత, ఉదయ్‌ది కాని గొంతులో తెలుగు! "మీకు తెలుగొచ్చా అంకుల్?" అన్నాను.

"అంకులేటి లా, మావయ్యను. మా తాతలు సిక్కోలు వైపోళ్ళు. రబ్బరు తోటలో పనికి వచ్చినారు. ఇంట్లో తెలుగు, బయట తమిళం, కోపమొస్తే మలయ్. పెట్టి ఉందా నేదా?"

ఆ సంతోషంలో లోపలికి పరుగెత్తి పెట్టె తెచ్చి ఇచ్చేశాను. ఆయన దాన్ని గడగడ లాక్కుంటూ వీధి మలుపు తిరిగాక గుర్తొచ్చింది, ఆదివారం నాకు కావలసిన పెట్టె అదే.

కొత్తది కొనుక్కోవచ్చు కదా అంటారు. బంటింగ్ వెళ్ళి కొనుక్కోవచ్చు. కొన్న ఏనుగంత పెట్టెని ఉదయ్ కంటపడకుండా ఎక్కడ దాచను? అందుకని ఆదివారం పొద్దున్న నా పెట్టె కోసం నేనే వాళ్ళింటికి వెళ్ళాను. వరండాలో ఎండలో పెట్టె నోరు తెరుచుకుని ఉంది. మావయ్య పక్కన పీట వేసుకుని దాని చక్రాలకి కొబ్బరినూనె రాస్తున్నాడు.

"మావయ్యా, రెండు నిమిషాలన్నారు..."

"కూకో పాపా. నేను ఇండియా ఎల్తున్నాను. మా తాత ఊరు సూడాల. అరవై తొమ్మిదేళ్ళొచ్చినాయి, ఇంకెప్పుడు సూస్తాను?"

తాత ఊరు చూడబోతున్న మనిషి కింద నుంచి పెట్టె ఎలా లాగేస్తాం? "ఎప్పుడు మావయ్యా ప్రయాణం?" అన్నాను.

"వచ్చే వారం లా."

లోపల ఆయన భార్య కన్నియమ్మ అత్త ఏదో గిన్నె దబ్బుమని కింద పెట్టింది. ఆ చప్పుడుకి అర్థం నాకప్పుడు తెలియలేదు. తరవాత ఆవిడే బయటికొచ్చి, "వచ్చినావు కదా, తినేసి ఎల్లు," అంది. చింతపండు చేపల పులుసు. నా విమానం ఎగిరే వేళకి నేను రెండోసారి అన్నం పెట్టించుకుంటున్నాను.

టికెట్టు ఇంకో వారానికి మార్చుకున్నాను. మరుసటి వారం వెళ్ళి అడిగితే, "ఇండియాలో ఎండలంట లా, సల్లబడనీ," అన్నాడు. ఆ పై వారం మోకాలు. ఆ పై వారం, "నేను ఎల్తే పిల్లిని ఎవులు సూస్తారు?" వెళ్ళిన ప్రతిసారీ పెట్టె దొరకలేదు గానీ పులుసు దొరికింది. పైగా ఖాళీ చేతుల్తో పంపేవాడు కాదు, ఇంకో వస్తువు అడిగేవాడు. అలా నా కుక్కరు కూడా పోయింది.

కుక్కరు కోసం వెళ్తే, "అది ఇక్కడేటి ఉంది? సేపల మార్కెట్ ఎనకాల మనీషా అని కొత్తగా వచ్చింది, ఆ పిల్ల కాడుంది. ఎల్లి తెచ్చుకో," అన్నాడు. మీరు పట్టుకెళ్ళిన కుక్కరుని ఊరంతా వెతుక్కోవాలా అని గొణుక్కుంటూ వెళ్ళి తలుపు కొట్టాను. నా వయసు పిల్ల, వరంగల్ నుంచి వచ్చిందట. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. వెనకాల స్టవ్ మీద నా కుక్కరు.

"మీదా అక్కా? పప్పు పెట్టిన. ఇంక రెండు విజిల్స్ రావాలె. కూసోండ్రి."

ఆ రెండు విజిల్స్ వచ్చేసరికి ఆ పిల్ల పెళ్ళి కథ అయింది. చల్లారేసరికి నా కథ అయింది. పప్పు ఇద్దరం కలిసి తిన్నాం. వచ్చేటప్పుడు కుక్కరు అక్కడే మర్చిపోయాను, దాని కోసం మర్నాడు మళ్ళీ వెళ్ళాను.

పింజమ్ మావయ్యకి ఇంకో నియమం ఉండేది. తీసుకున్న వస్తువు ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. గిన్నె అయితే బాగానే ఉంటుంది, అందులో పాయసం వస్తుంది. హర్ష అని కుర్రాడు, కంప్యూటర్ ఉద్యోగం, మా పక్క వరసలో ఒక్కడే ఉండేవాడు. వాడి హెల్మెట్ పట్టుకెళ్ళి, మూడు వారాల తరవాత దాని నిండా రంబుటాన్ పళ్ళు పోసి పంపించాడు. హర్ష పళ్ళు తీసి ఆదరాబాదరాగా హెల్మెట్ పెట్టుకుని బండెక్కాడు. పళ్ళతోపాటు వచ్చిన ఎర్రచీమలు లోపలే ఉన్నాయి. రోడ్డు మీద వాడు చేసిన నాట్యం చూసి ట్రాఫిక్ పోలీసు బండి ఆపి, తాగావా అని అడిగాడట. హర్ష పిచ్చికోపంతో మావయ్యని నిలదీయడానికి వచ్చాడు. అప్పుడు మనీషా నేనూ అక్కడే ఉన్నాం, మా మా గరిటెల కోసం.

"హెల్మెట్ దులుపుకోవాల కదరా!" అన్నాడు మావయ్య.

"మీరు దులిపి ఇవ్వాలి కదండీ!"

"ముగ్గురూ సద్దు సేయకండి," అంది అత్త, ఆకులు వేస్తూ. ఆ రోజు నుంచి హర్ష ఆదివారం భోజనం అక్కడే.

నాలుగు నెలల తరవాత ఒక పొద్దున్న మావయ్య నా పెట్టె తెచ్చాడు.

"ఇండియా?"

"మనసు మారిపోయినాది లా."

పెట్టె బరువుగా ఉంది. తెరిచాను. నిండా ఉప్పుచేపలు. అట్టడుగు దాకా, జిప్పు అరల్లో కూడా, అలమారులో చీరలు సర్దినట్టు వరసగా సర్ది ఉన్నాయి. ఆ పెట్టెని ఏడుసార్లు కడిగాను, కాఫీపొడి పోశాను, నిమ్మకాయలు రుద్దాను. వీధిలో పిల్లులన్నీ మా గేటు ముందు నెల రోజులు కాపురం పెట్టాయి. ఆ వాసనతో దాన్ని ఏ విమానమూ ఎక్కనివ్వదు, ఏ కుక్కా ఎయిర్‌పోర్టు దాటనివ్వదు.

నాకు కోపం రాలేదు. అసలు ఆ పెట్టె దేనికి కావాలనుకున్నానో గుర్తు రావడానికే కాస్త సేపు పట్టింది. ఉదయ్‌కి రాసిన ఉత్తరం ఆ మధ్యాహ్నమే చింపేశాను. ఆ ఉత్తరం సంగతి ఉదయ్ ఇప్పుడు ఇది చదివి తెలుసుకుంటాడు. పర్వాలేదు, ఇప్పుడు చెప్పొచ్చు.

ఇదంతా ఆరేళ్ళ కిందటి మాట. మొన్న పదహారో రోజు కార్యం అయ్యాక, కన్నియమ్మ అత్త వరండాలో చాప పరిచి ఇంట్లో ఉన్న పరాయి వస్తువులన్నీ పేర్చింది. "ఎవులివి ఆళ్ళు పట్టుకెళ్ళండి," అంది. ఎవ్వరూ కదల్లేదు. ఒక్క హర్షా మనీషా మాత్రం ఒక గరిట కోసం దెబ్బలాడుకున్నారు. నాది కాదు నీదంటే, నాది కాదు నీదని. చైనా అవ్వ వచ్చి చాపంతా కలియజూసి, ఒక గ్లాసు తీసి, మళ్ళీ అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. సాయంత్రానికి వస్తువులన్నీ అలాగే ఉన్నాయి. వాటిని స్టోరు గదిలో పెట్టడానికి అత్తకి సాయం వెళ్ళాను.

గది తలుపు తీసి చూస్తే, లోపల రెండు నిచ్చెనలు. మూడు సైకిల్ పంపులు. మేకులకి వరసగా నాలుగు అట్లకాడలు, అన్నీ నాదానికంటే మంచివే. పైన అటక మీద చక్రాల పెట్టెలు, ఒకటి కాదు, మూడు.

"అత్తా, ఇవన్నీ ఎవరివి?"

"ఎవులివేటి? మావే. మా నిచ్చిన ఉండగా ఎల్లి పొట్టి నిచ్చిన తెచ్చినాడు. వీధిలో నాకు మానం పోయేది లా."

"మరి ఎందుకు తెచ్చేవాడు?"

"కొత్తగా వచ్చినోళ్ళు తలుపులేసుకుని కూకుంటారు. రండి అంటే రారు. ఆళ్ళ వస్తువు మన కాడుంటే సచ్చినట్టు వస్తారు అనీవోడు."

నేను అటక వంక చూస్తూ, "మరి ఇండియా ప్రయాణం? తాత ఊరు?" అన్నాను.

"ఏ ఇండియా? ఈయనకి పాస్‌పోర్టే నేదు. సింగపూరు కూడా సూడనేదు."

నేను వెళ్ళిపోవాలనుకున్న సంగతి మా అక్కకి తప్ప ఈ భూమ్మీద ఎవరికీ చెప్పలేదు. మరి ఈయనకెలా తెలిసింది? అదే ఆలోచిస్తూ గది తలుపు వేయబోయాను. తలుపు వెనక మేకుకి దుమ్ముకొట్టుకుపోయిన ఎర్రటోపీ వేలాడుతోంది.

"ఇదెవరిది అత్తా?" అన్నాను.

"ఈయనదే. పడుకున్నప్పుడు తప్ప తీసీవోడు కాదు. నువ్వొచ్చిన కొత్తలో ఓనాడు సాయంత్రం బీచ్ కాడి నుంచి వచ్చి, తీసి ఈడ తగిలించినోడు మరి ముట్టుకోనేదు. 'కన్నీ, నిజం సెప్పు, ఇది పెట్టుకుంటే నేను పోస్టు డబ్బానాగుంటానా?' అని అడిగినాడు."

"నువ్వేమన్నావు?"

"నేనేటంటాను? ఎల్లి అద్దంలో సూసుకోమన్నాను. సూసుకున్నాడు. అవును లా అనీసి, అన్నం తినీ దాకా ఒకటే నవ్వు."