కాఫీ బస్తాలో ఎండుచేపలు

మంగ్లుకు విశాఖ విమానాశ్రయంలో తుడుపు పని దొరికేనాటికి అది బస్టాండు కన్నా కాస్త నయం, అంతే. నేవీ వాళ్ళ రన్‌వే, ఒకే ఒక్క హాలు, రోజుకు లెక్కపెట్టుకునేన్ని విమానాలు. తర్వాత రన్‌వే పొడవైంది. 2009లో కొత్త టెర్మినల్ లేచింది. అద్దాల గోడలు, సామాన్లు మోసుకొచ్చే బెల్టు, విమానం తలుపుదాకా నడిపించే వంతెనలు! ఇక విదేశాలకూ ఇక్కణ్ణించే ఎగరొచ్చన్నారు. ఆ నేలంతా తుడిచే చెయ్యి మంగ్లుది.

ఆ అద్దాల మధ్య ఒకరోజు ‘అసలైన అరకు కాఫీ’ అని బోర్డు వేలాడింది. కింద నిలబడి పనివాళ్ళను గదమాయిస్తున్నవాడు గణపతిరావు. మంగ్లు కడుపు మండిపోయింది.

పదమూడేళ్ళ కిందట అరకు కొండల్లో, డుంబ్రిగుడ సంతలో ఈ పెద్దమనిషే ఆమె కాఫీ బస్తాను బురదలో గుమ్మరించాడు. వేరే షావుకారుకు అమ్ముకుంటానంది, అదీ ఆమె చేసిన నేరం. “పొయ్యి పొగ కంపు!” అని సంతంతా వినేలా అరిచాడు. పొగా లేదు, పాడూ లేదు. చాపమీద పోసి, పూటకు నాలుగుసార్లు తిరగేసి ఎండబెట్టిన గింజ అది. అయినా మళ్ళీ ఆమె గింజను ఎవరూ ముట్టలేదు. చివరికి తోట వదిలేసి కొండ దిగింది.

కాఫీ గింజ పక్కనున్న వాసనల్లా పీల్చుకుంటుంది. కొండమీద దాని దగ్గర ఉల్లిపాయలు కూడా పెట్టరు. మంగ్లు గుడ్డలో ఎండుచేపలు మూటకట్టి, స్టాలు వెనకున్న బస్తా కుట్టు విప్పి, అడుగున దోపి, మళ్ళీ కుట్టేసింది. ఆ వారమంతా ఎంత హుషారుగా తుడిచిందో!

స్టాలు ప్రారంభం నాడు పెద్దలంతా కప్పులు అందుకున్నారు. మొదటి గుక్కకే ఒకాయన మొహం చిట్లించాడు. “అరకు కాఫీ అంటే ఇదా? ఛీ!”

గణపతిరావు తడుముకోలేదు. “ఏటి సేత్తామండీ, ఆ కొండోళ్ళకి ఎండబెట్టడం రాదు” అనేశాడు.

మంగ్లు ఒళ్ళు భగ్గుమంది. వీడికి తగలాలని కొట్టిన దెబ్బ కొండంతటికీ తగిలింది. లోపలికెళ్ళి, బస్తా బోర్లించి, మూట తెచ్చి అందరి ముందూ బల్లమీద విప్పింది.

“మా కాపీకేటీ రోగం లేదు బాబూ! ఈ సేపల్ని నానే ఎట్టినాను. డుంబ్రిగుడ సంతలో నా బస్తా బురదలో పోసినావు, అందుకే ఎట్టినాను!”

ఉద్యోగం పోయినట్టేనని ఆమెకు తెలుసు. సూపర్‌వైజరు అప్పుడే మెళ్ళో కార్డు లాగేస్తున్నాడు. ఆమె మాత్రం గణపతిరావు మొహంలో సిగ్గు కోసం, కనీసం భయం కోసం వెతుకుతోంది.

అతను తికమకగా చూశాడు. “ఏ బస్తా? ఎవరే నువ్వు?”

నటించడం లేదు. వాడికి నిజంగానే జ్ఞాపకం లేదు. ఇకమీదైనా వాడు మరిచిపోకూడదని, మంగ్లు గుప్పెడు చేపలు తీసి ఆ మొహాన కొట్టింది.