ఫోన్లో తెచ్చిన ఆది జాకెట్టు

కరోనా తగ్గిన మరుసటి ఏడు. మార్కాపురంలో మా ఇంటి వసారాలోనే నా కుట్టు మిషన్. జాకెట్టు కుట్టించుకునేవాళ్లు ఒంటికి సరిపోయిన పాతదొకటి తెచ్చిస్తారు. దాన్ని ఆది జాకెట్టు అంటాం. కొత్తది దాని కొలతకే కత్తిరిస్తాం.

పలకల ఫ్యాక్టరీలో పనిచేసే రమణమ్మ కూతురు మౌనిక ఇంటర్ చదివేది. లంగా ఓణీల్లో రీల్స్ చేసి ఫోన్లో పెట్టేది. ఆ పిల్ల గుడ్డ తెచ్చి, ఆదికి బదులు ఫోన్ చూపించింది. అందులో ఉన్నది తనే, కానీ నడుము పిడికెడు. ఫోనే అట్ల సన్నగా చేసి చూపిస్తుందట.

"దీనికి సరిపోయేట్టు కుట్టవ్వా."

"కుడితే ఆ ఫోనుకే తొడగాల. నీకు పట్టదు."

"నేనే దానికి సరిపోతాలే." ఆ మాట నవ్వకుండా అన్నది.

నేను టేపుతో కొలిచే కుట్టాను. ఎదిగే పిల్ల కదా అని లోపల మార్జిన్, అంటే తర్వాత వదులు చేసుకోవడానికి కాస్త గుడ్డ, మిగిల్చాను. కొత్త గుడ్డ దండగ కాకూడదు. ఆ పిల్ల మాత్రం బిగించమని మళ్లీ మళ్లీ తెచ్చింది. ఎంత బిగించినా వదులే. చివరిసారి టేపు చుట్టినప్పుడు నా వేళ్లకు పక్కటెముకలు తగిలాయి. ఎందుకిట్ల అయినావని గట్టిగా అడిగితే ఫోన్లో రీల్ తీసి చూపించింది. దాని కింద ఎందరో బాగుందని రాసినారట. ఒకడు గేదె అని రాసినాడు.

"ఎవడే వాడు?"

"తెలీదు."

"తెలీనోడి మాటకు కూడు మానినావా?"

నేను జాకెట్టు ముట్టుకోకుండా రమణమ్మ దగ్గరికి పోయాను. ఆమె మురిసిపోతూ, శనివారం, సోమవారం, గురువారం కూడా పిల్ల ఒక్కపొద్దు ఉంటోందని, ఈ వయసులో అంత భక్తి ఎవరికుందని చెప్పింది.

"ఒక్కపొద్దు ఉన్నోళ్లు ఒక పూటన్నా తింటారు రమణమ్మా. ఇది ఏ పూట తింటాంది?"

పొద్దున్నే పనికి పోతే చీకటి పడ్డాక వచ్చే మనిషి రమణమ్మ, పిల్ల తినడం ఎన్నడూ చూడలేదు.

ఆ వారంలోనే పిల్ల కాలేజీలో పడిపోయింది. ఒంగోలు తీసుకుపోయారు. గుండె బలహీనపడిందన్నారు, మనసు డాక్టరుకు కూడా చూపించమన్నారు. వీధిలో మాత్రం రమణమ్మ కడుపునొప్పి అనే చెప్పుకుంది. మౌనిక బతికింది. జుట్టు సగం రాలింది, చదువు ఆగింది. తల్లి ఎదురుగా కూర్చుంటేనే నాలుగు ముద్దలు దిగుతాయి.

ఎదిగే పిల్ల కొలత తగ్గి వస్తే ఇప్పుడు నేను బిగించను. తల్లిని పిలిపించి, పిల్ల తినడం నీ కళ్లతో చూసినావా అని అడుగుతాను. కొందరు కోపగించుకొని వేరే మిషన్‌కు పోయారు. పోనీ.