తెల్లచేప మిరుగు దాకా బతకాలి

నాకు కోపం ఎక్కువని నిజామాబాద్‌లో మా గల్లీ మొత్తానికి తెలుసు. జాకెట్టు కుట్టి చేతికిచ్చాక "ఇంకో అరంగుళం లూజు కావాలె అక్కా" అనేవాళ్ళకు ఇంకా బాగా తెలుసు. ఆ కోపం బీపీ దాకా పోయేసరికి డాక్టరమ్మ మాత్రలు రాసి, రోజూ కాసేపు చేపలను చూస్తూ కూర్చోమంది. మా ఆయన అమాయకుడు. ఆ మాట పట్టుకుని మూడడుగుల అద్దాల తొట్టి తెచ్చి, నేను మిషన్ కుట్టే ముందు గదిలోనే పెట్టాడు. అందులో ఒకే ఒక్క తెల్ల ఏంజెల్ చేప. అరచెయ్యంత వెడల్పు, పైనా కిందా పొడుగాటి రెక్కలు. కొంగు ఆరేసుకున్నట్టు నింపాదిగా తిరిగేది.

అంతా తెలుపే అయితే ఏం బాగుంటుంది? తెల్లగుడ్డకు ఏ అంచు నప్పుతుందో ముప్పై ఏళ్ళుగా చూస్తున్నదాన్ని. దుకాణానికి పోయి, నారింజరంగు ఒంటి మీద నల్లచారలున్న చిన్నచేపలు మూడు ఏరుకున్నాను. టైగర్ బార్బులట. దుకాణమాయన చెప్పనే చెప్పాడు.

"అక్కా, వీటి గుణం మంచిగుండది. పొడుగు రెక్కల చేప కనబడితే కొరుకుతయ్. పెట్టాల్నంటే ఎనిమిది పెట్టు, వాటిల్లవే కొట్లాడుకుంటయ్."

మూడడిగితే ఎనిమిది అంటగట్టేవాళ్ళను నేను చూడలేదా? "మ్యాచింగ్ సంగతి నాకు నేర్పకు" అని వచ్చేశాను. మ్యాచింగ్ మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది. రెండో రోజుకే తెల్లదాని కింది రెక్క పీలికలైంది.

అదే వారం బోధన్ దగ్గరి మా ఊరి నుంచి నన్ను కన్న బాపు వచ్చాడు. రెండు కళ్ళలోనూ పొరలు ముదిరి, మనిషి ఎదురొస్తే గొంతు విన్నాక గానీ పోల్చుకోలేకపోతున్నాడు. ఆపరేషన్ చేయిద్దామని పిలిపిస్తే, గడప దాటకముందే తేల్చేశాడు.

"బిడ్డను సూసిపోదామని వచ్చిన. కండ్లు కోయించుకోను రాలే."

వయసంతా ఫ్యాక్టరీకి చెరుకు బండ్లు తోలిన మనిషి. దారిలో పాము అడ్డమొస్తే కట్టెతో పక్కకు జరిపి బండి పోనిచ్చేవాడట. అంతటివాడికి కంటి దగ్గరికి సూది వస్తుందంటే చచ్చేంత భయం. ఆ మాట ఒప్పుకోడు కదా, "గింత వయసుల నాకు సూసేదేమున్నది?" అనేవాడు.

చూసేది ఇక్కడే దొరికింది. తొట్టిలో ఆయన కంటికి కాస్త ఆకారంగా ఆనేది తెల్లదొక్కటే. పొద్దున ముఖం కడుక్కోగానే కుర్చీ లాక్కుని, ముక్కు అద్దానికి తగిలేలా కూర్చుని "ఆమె లేసింది" అనేవాడు. చేప ఆయనకు ఆమె. చాయ కూడా ఆమె ముందే కూర్చుని తాగేవాడు.

"ఎర్రెర్రగ ఏందో ఉరుకుతున్నదే బిడ్డా, ఆమెను నిలువనిస్తలేవు."

నేనేం ఊరికే కూర్చోలేదు. వల పెట్టి బార్బులను పట్టబోతే ఒక్కటీ చిక్కలేదు, నా చీర మాత్రం మోకాళ్ళ దాకా తడిసింది. నెట్ బట్టతో తొట్టికి అడ్డంగా తెర కుట్టి దించితే, అంచు కింద నుంచి దూరి అవతల తేలాయి. తెల్లదాన్ని తీసి బకెట్లో వేస్తే తిండి ముట్టక పక్కకు ఒరిగిపోయింది. భయపడి మళ్ళీ తొట్టిలోనే వేశాను. సిగ్గు విడిచి దుకాణానికి పోయి ఉపాయం అడిగితే, "అక్కకు మ్యాచింగ్ తెలుసు గదా" అని పళ్ళికిలించాడు. నా బీపీ సంగతి అడగకండి.

ఒక మధ్యాహ్నం దవాఖాన మాట మళ్ళీ ఎత్తాను. బాపు తొట్టి వైపు చూస్తూ మీసం దువ్వుకున్నాడు.

"సరే బిడ్డా, ఒక్క మాట. గా తెల్లది మిరుగు దాకా బతికితే నువ్వన్న దవాఖానకు వస్త. సచ్చిందనుకో, మల్ల నా కండ్ల ముచ్చట తియ్యొద్దు."

మిరుగు అంటే మృగశిర కార్తె. దానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. రెక్కలు సగమైన చేప అన్నాళ్ళు ఆగదని ముసలాయన ఎత్తు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా చెయ్యి చాచాను. చేతిలో చెయ్యి వేశాడు.

ఆ రోజు నుంచి మిషన్ తొట్టి పక్కకు జరుపుకున్నాను. ఒక కన్ను కుట్టు మీద, ఒక కన్ను చేపల మీద. బార్బు దగ్గరికి వస్తే చాలు, కొలత స్కేలుతో అద్దం మీద టక్కుమని కొట్టేదాన్ని. రెండు జాకెట్లకు చేతులు తారుమారుగా కుట్టాను. "గీ అక్కకు చేపల పిచ్చి పట్టింది" అని నా వెనక అనుకున్నారు, ముందు అనే ధైర్యం ఎవరికుంది?

మిరుగు నాడు మా దిక్కు చేప వండని ఇల్లు అరుదు. ఆ రోజు మార్కెట్లో కాలు పెట్టే సందుండదని, మా ఆయన ఒకరోజు ముందే ప్రాణమున్న కొర్రమట్టను తెచ్చి, రంగు డబ్బాలో నీళ్ళుపోసి వేసి, డ్యూటీకి పోయాడు. నేను హుక్కులకూ దారాలకూ బజారుకు వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి జాకెట్ల కోసం వచ్చిన ముగ్గురు ఆడవాళ్ళు తొట్టి ముందు నోళ్ళు తెరుచుకుని నిలబడి ఉన్నారు. లోపల అడుగున, జానెడు పొడుగు కొర్రమట్ట నల్లగా పడుకుని ఉంది. చిన్నచేపలను మింగి బతికే జాతి అది!

"అయ్యో, నా కొంప ముంచిండ్రు! ఎవరేసిండ్రు దీన్ని ఇండ్ల?"

"నేనే," అన్నాడు బాపు, తడిసిన చొక్కాతో, పటేల్‌లాగా కూర్చుని. "కోడె మాట ఇనకపోతే ఏం జేస్తం? పెద్దెద్దును పక్కకు గడ్తం. రెండు రోజులల్ల తొవ్వకొస్తది. సూడు, నీ ఎర్రయి ఏడున్నయో సూడు."

చూశాను. మూడు బార్బులూ ఫిల్టర్ వెనక గోడకు అతుక్కుపోయి, రెక్క కదపడం లేదు. తెల్లది మాత్రం తొట్టి నడుమ, మిగిలిన రెక్కలన్నీ విప్పుకుని, ఎన్నో రోజుల తర్వాత నింపాదిగా తిరుగుతోంది.

"ఆమెను మింగితే?"

"అరచెయ్యంత వెడల్పు, దాని నోట్ల పడ్తదా? దాని నోరు తడిమి సూసే ఏసిన."

అప్పుడు నాకు అసలు సంగతి తట్టింది. "బాపూ, రేపే మిరుగు, ఆమె బతికితే నువ్వు దవాఖానకు పోవాలె. యాదికి లేదా?"

"ఎందుకుండదే?" అని కసిరాడు. "నా భయానికి దాన్ని సావనియ్యాల్నా?"

ఆ భయం ఎంతదో నాకు తెలుసు.

అంతలో నీళ్ళు ఎగిసిపడ్డాయి. పెద్దెద్దుకు ఆకలేసింది. ఫిల్టర్ వెనక మూడున్న చోట ఒక్కటే మిగిలింది. నేను లైనింగ్ గుడ్డ తీసుకుని తొట్టిలో చేతులు పెట్టాను. కొర్రమట్ట ఒక్క దూకు దూకి, మిషన్ మీదుగా, ఎవరిదో పెళ్ళి పట్టు జాకెట్టు మీద పడింది. ఆ జాకెట్టు గలామె కుర్చీ ఎక్కి కెవ్వుమంది. నేను దుప్పటి వేసి పట్టి డబ్బాలో తోసి, మూత మీద కూర్చున్నాను. బాపు అయితే కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతున్నాడు.

మర్నాడు దాన్ని కొయ్యనియ్యలేదు. "పని జేసిన ఎద్దును కూరొండుకుంటరా?" అన్నాడు. పాపం మా ఆయన, మిరుగు జనంలో తోసుకుని బొచ్చెచేప ముక్కలు తెచ్చి, సాయంత్రం కొర్రమట్టను వర్ని ఊరి దిక్కు కాలువలో వదిలి వచ్చాడు. తెల్లది బతికే ఉంది. మిగిలిన ఒక్క బార్బు నెల రోజులు ఫిల్టర్ వెనక నుంచి రాలేదు.

మాట ప్రకారం బాపు దవాఖానకు వచ్చాడు. లోపలికి పోయేదాకా నా వేళ్ళు వదల్లేదు, నొప్పి పుట్టినా నేను విడిపించుకోలేదు. ముందు కుడికన్ను చేశారు.

పట్టీ విప్పించుకుని ఇంటికి రాగానే నేరుగా తొట్టి దగ్గరికే నడిచాడు. "అరె, ఆమె రెక్కలు మల్ల మొలుస్తున్నయ్ గదనే!" అని పిల్లాడిలా సంబరపడ్డాడు. తర్వాత నా వైపు తిరిగాడు. చాలాసేపు చూశాడు.

"బిడ్డా, నీ ఎంటికలు గింతగనం ఎప్పుడు నెరిసినయే?"

గల్లీ మొత్తానికి జవాబు చెప్పేదాన్ని, కొంగు తల మీదికి లాక్కున్నాను. "ఆరేడేండ్లయితుంది బాపూ."

"గొంతు గట్లనే ఉండె. నువ్వింక గా చిన్నపిల్లవే అనుకుంటున్న." నా చెంప మీద చెయ్యి వేసి, చెయ్యి తియ్యకుండానే మా ఆయనను అడిగాడు.

"అల్లుడా, రెండో కన్ను ఎప్పుడు చేస్తరట?"