తాలు కలిపిన లెక్క

మా గైడు గారు ఆ రోజు ఫోన్లో మెత్తగా మాట్లాడారు. ఆయన మెత్తగా మాట్లాడితేనే నాకు భయం. "ఈ నెల కూడా నీ లెక్క ల్యాబ్ ఫలితంతో కలవకపోతే ఈ టాపిక్ వదిలేద్దామమ్మా," అన్నారు. వదిలేయడమంటే, నరసరావుపేట కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ సెలవులన్నీ ధారపోసి చేసిన పీహెచ్‌డీ పనిని మూటగట్టి అటకెక్కించడమే. నాకు ఒళ్లు మండిపోయింది.

పల్చటి ప్లాస్టిక్ పొర మీద అతినీలలోహిత కాంతి వేస్తే అందులోంచి ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి. ఏ శక్తితో ఎన్ని వచ్చాయో గీస్తే ఒక వంపు గీత వస్తుంది. ల్యాబ్‌లో కొలిచిన ఆ గీతను నేను కంప్యూటర్లో లెక్కగట్టి రాబట్టాలి. ఆ ప్లాస్టిక్‌లో అణువుల గొలుసులు చిక్కుపడ్డ నూలులా ఉంటాయి. ఆ చిక్కులోంచి రకరకాల ముక్కలు తీసుకుని, ఒక్కోదానికీ లెక్కగట్టి, అన్నీ కలుపుతాను. ల్యాబ్ గీత ఏటవాలుగా జారేచోట నాది గోడలా నిటారుగా దిగేది. సూత్రాలు మార్చి చూశాను, అయినా అదే గోడ.

ఆ ఆదివారం గురజాల దగ్గర మా ఊరెళ్లాను. కల్లంలో అమ్మ పక్కన కూర్చుని ఎండుమిరపకాయల్లో తాలు ఏరుతున్నాను. రంగు పోయి తెల్లబడ్డ కాయే తాలు. ఎర్రకాయల్లో అది కనపడిందంటే మిర్చి మార్కెట్ యార్డులో రేటు కోసేస్తారు. చిన్నప్పటి నుంచీ చేస్తున్న పనే కాబట్టి చూడకుండానే వేళ్లు ఏరేస్తాయి. పక్కన తాలు కుప్ప పెరిగింది. దాన్ని చూస్తుంటే నా చెయ్యి ఆగిపోయింది.

కంప్యూటర్ ముందు కూర్చుని నేను చేస్తున్నదీ ఇదే. బాగా మెలిపడ్డ ముక్క, శక్తి మిగతావాటికి దూరంగా వచ్చిన ముక్క కనపడితే చాలు, పనికిరాదని పక్కన పడేస్తున్నాను. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు, నా వేళ్లకున్న అలవాటు. కాంతికి ఆ పట్టింపు ఎక్కడిది? అది పొరలో ఉన్న అన్నిటి మీదా పడుతుంది.

"ఏందే, చెయ్యాడట్లేదు?" అంది అమ్మ.

"ఇప్పుడే వస్తానుండమ్మా," అని ఇంట్లోకి పరిగెత్తి లాప్‌టాప్ తెరిచాను.

తీసేసిన ముక్కల లెక్కలు ముందే కట్టి ఉన్నాయి. వాటన్నిటినీ తిరిగి చేర్చేసరికి నా గీత ఏటవాలుగా జారింది. దాని మీద ల్యాబ్ గీతను తెచ్చి పెడితే రెండూ అతుక్కుపోయాయి. ఎంత సంతోషమేసిందంటే, ఒక్కదాన్నే పైకి నవ్వేశాను. ఆ బొమ్మ గైడు గారికి పంపితే వెంటనే ఫోన్ చేశారు.

"కుదరడం కోసం ఏమైనా సర్దావా?"

"సర్దడం మానేశాను సార్, అందుకే కుదిరింది."

"అయితే రాయడం మొదలుపెట్టు!" అన్నారు, ఈసారి చెవి అదిరేంత గట్టిగా.

కల్లంలోకి తిరిగొచ్చి, "నా లెక్క కుదిరిందమ్మా. ఏరేసిన తాలంతా మళ్లీ కలిపేశా," అన్నాను.

అమ్మ ఉలిక్కిపడి ఎర్రకాయల కుప్పకి చెయ్యి అడ్డం పెట్టింది. "కలిపావా? యార్డులో మన పరువేం గానే?"

"మన కాయల్లో కాదులే. నా చదువులో."

నా మొహంలో సంతోషం చూసి అమ్మకి విషయం అర్థమైనట్టుంది. "చదువులో అయితే చానా కలుపుకో. ఇక్కడ మాత్రం ఏరు," అని ఇంకో బుట్ట నా ముందు కుమ్మరించింది.